అనుబంధ ప్రశ్న

"ఊపిరి పీల్చుకోవాల్సిన చోటల్లా గీత పెట్టాను. అక్కడ ఆగు, చాలు," అన్నాడు భర్త, గడ్డానికి నురగ పూసుకుంటూ. ఆమె ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ రోజు సభలో మంత్రిని ప్రశ్న అడగాల్సింది ఆమె. అయినా ముందు ఆయన చొక్కా ముడతలు పోవాలి. పైన గ్యాలరీలో నలుగురి కళ్లల్లో పడేది ఆయనే కదా!

ఒకప్పుడు ఆ సీటు ఆయనదే. ఏదో కేసులో కోర్టు ఆయన పోటీకి పనికిరాడని తేల్చేసరికి, ఇంట్లో ఇంకో పేరు కోసం వెతికారు. ఆమె పేరు దొరికింది. "సంతకం చేయడం వచ్చుగా, మిగతాది వాడు చూసుకుంటాడులే," అంది అత్తగారు. గెలిచాక కూడా ఇంటికొచ్చేవాళ్లు ఆయనకి అర్జీలిచ్చి, ఆమెని మంచినీళ్లు అడుగుతారు. పార్లమెంటు సభ్యురాలైతే మాత్రం వంటిల్లు రాజీనామా పుచ్చుకుంటుందా?

సభలో ఎవరి ప్రశ్న ముందో తేల్చే లాటరీలో ఈసారి ఆమె పేరు మీద వేసిన ప్రశ్నే ముందొచ్చింది. విదేశాల్లో ఫ్యాక్టరీలు పెట్టే మన బట్టల కంపెనీలకి ఇస్తున్న రాయితీలేమిటని పరిశ్రమల మంత్రిని అడగాలి. జవాబొచ్చాక, ఆ రాయితీలు పొడిగిస్తారా అని అనుబంధ ప్రశ్న వేయాలి. రెండూ ఆయనే రాశాడు, తన స్నేహితుడైన మిల్లు యజమాని కోసం.

ఆ మిల్లు పేరే వీధి చివర బట్టలు కుట్టే దర్జీ ఆవిడ నోట కూడా విందామె. వాళ్ల చెల్లెల్నీ, ఇంకొందరు ఆడపిల్లల్నీ ఆ మిల్లు వాళ్లే పరదేశంలోని తమ ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. తర్వాత దానికి తాళం పడింది. జీతాల్లేవు, పాస్‌పోర్టులు మేనేజరు దగ్గరున్నాయి, పిల్లలు రేకుల షెడ్డులో ఉన్నారు.

"విదేశాంగ శాఖకి పోతే కంపెనీ గొడవ పరిశ్రమల వాళ్లనడగమంటారు. అక్కడికి పోతే పరాయి దేశం సంగతి మాకేం తెలుసంటారు. చెల్లి ఫోన్ చేసినప్పుడల్లా, 'అక్కా, ఎప్పుడొస్తాం?' అంటుంది. ఏం చెప్పనమ్మా?" అని దర్జీ ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

భర్తతో చెబితే, "అది మన సబ్జెక్టు కాదు," అన్నాడు.

కానీ ఈ తిప్పడం ఆమెకి కొత్తా? పెళ్లైన కొత్తలో, సగంలో ఆగిన చదువు పూర్తి చేస్తానని భర్తనడిగింది. "అమ్మనడుగు," అన్నాడు. అత్తగారినడిగితే, "నాదేముందమ్మా, వాడిష్టం," అంది. మళ్లీ ఆయన దగ్గరికి, మళ్లీ ఆవిడ దగ్గరికి. గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి గదికి తిరుగుతుండగానే పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు. అనుంటే కనీసం పోట్లాడేది. ఎవరూ కాదనకుండానే ఒక మనిషి బతుకు ఆగిపోతుందని ఎవరికి చెప్పుకుంటుంది?

సభలో ఆమె పేరు పిలిచారు. లేచి మొదటి ప్రశ్న చదివింది. పరిశ్రమల మంత్రి గడగడా జవాబిచ్చాడు. "అనుబంధ ప్రశ్న ఉందా?" అన్నారు సభాపతి. ఆమె చేతిలో కాగితం ఉంది, భర్త గీసిన గీతలున్నాయి. పైన గ్యాలరీలోంచి ఆయన తల ఆడిస్తున్నాడు, చదువు, చదువు అన్నట్టు. కాగితం బల్ల మీద బోర్లించింది.

"రాయితీ తీసుకున్న ఒక మిల్లు పరదేశంలో తాళం వేసుకుంది. అక్కడ మన ఆడపిల్లలు చిక్కుకుపోయారు. వాళ్లని ఇంటికెవరు తెస్తారు?"

సభలో కదలిక. పరిశ్రమల మంత్రి నవ్వు ముఖంతో లేచాడు. "అది విదేశాంగ శాఖ పరిధి, అధ్యక్షా."

విదేశాంగ మంత్రి కూర్చునే అన్నాడు: "ఆ ఫ్యాక్టరీకి అనుమతిచ్చింది వాళ్లే కదా!"

కొందరు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. ఆ గదీ, ఆ వంటిల్లూ కళ్లముందు కదిలాయి. ఈసారి మాత్రం ఇద్దరూ ఒకే చోట ఉన్నారు, మోచేతులు తగిలేంత దగ్గరగా.

"ఆయన్నడిగితే మీరంటారు, మిమ్మల్నడిగితే ఆయనంటారు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీలో ఎవరు? ఒకళ్లు లేచి 'నేను' అనేదాకా నేను కూర్చోను."

నవ్వులు ఆగిపోయాయి. "సభ్యురాలి ప్రశ్నకి జవాబు కావాలి," అన్నారు సభాపతి. విదేశాంగ మంత్రి నెమ్మదిగా లేచాడు. "మా శాఖే తీసుకొస్తుంది," అన్నాడు. ఆయన వెనకే లేచిన పరిశ్రమల మంత్రి, బకాయి జీతాలు తేలేదాకా ఆ మిల్లుకి రాయితీ ఆపుతామన్నాడు.

ఆమె కూర్చుంది. గుండెల మీంచి రుబ్బురోలు దింపినట్టుంది. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్న సంగతి దిగాకే తెలిసింది.

ఇంటికెళ్లాక భర్త ఎగిరాడు. "నీకు మాటలెవరు నేర్పారు?" అన్నాడు. తర్వాత మాట్లాడటమే మానేశాడు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

కొన్నాళ్లకి, ఆమె మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే దర్జీ ఆవిడ ఫోన్ చేసింది. "వచ్చేసిందమ్మా! ఇదిగో, నా మంచం మీద నిద్రపోతోంది. అన్నానికి లేపబుద్ధి కావట్లేదు." అటు ఆవిడా ఇటు ఈవిడా కాసేపు ఏడుపూ నవ్వూ కాని చప్పుడేదో చేశారు.

ఫోన్ పెట్టేసేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మిల్లాయన ముందుగదిలో కూర్చున్నాడు. కదలట్లేదు," అన్నాడు, చాలా రోజుల తర్వాత నోరు విప్పి. "నా పరువేం కావాలి? ఆయనకి నేనేం జవాబు చెప్పాలి?"

ఆమె కంచంలో ఇంకాస్త వడ్డించుకుంది.

"ఆ ప్రశ్న ఆయన అడిగేది మిమ్మల్నండీ. నన్ను కాదు."