కూర్మయ్య మంచె మీంచి పడ్డాక

కూర్మయ్య పడటం సుగంధి కళ్ళారా చూసింది. ఇనప గొట్టాలతో కట్టిన పన్నెండడుగుల మంచె అది. ఆటలో దాన్ని రబ్బరు ఫ్యాక్టరీ కప్పు అనుకోవాలి. సమ్మె పెద్ద వేషం కట్టిన ముసలాయన దానిమీద నిలబడి, పిడికిలెత్తి, చివరి మాట చెప్పాలి. చెప్పాడు. వెనక్కి ఒక్కడుగు వేశాడు. వెనక కంచె లేదు.

రిహార్సల్లో ఉన్న నటులు పదకొండుమందీ ఆ చప్పుడు విన్నారు.

అంబులెన్సు వెళ్ళిన గంటకు నాటక కంపెనీ యజమాని శివలింగం వచ్చాడు. మంచె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఆ వేషం యశ్వంత్‌కి ఇయ్యండి. శనివారం ఆట ఆగకూడదు," అన్నాడు.

"మరి కూర్మయ్య మావ సంగతేటి బోస్?" అని సుగంధి అడిగింది. కంపెనీలో అందరూ యజమానిని బోస్ అనే పిలుస్తారు.

"ఆయన మన కంపెనీ మనిషి కాదు లా. పిలిస్తే వచ్చినాడు, ఆడినాడు. కాయితం సూసుకో," అన్నాడు, కౌలాలంపూర్‌లో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

ఒప్పందం కాయితంలో అలాగే ఉంది. అందరి కాయితాల్లోనూ అలాగే ఉంది. నలభై ఏళ్ళు కౌలాలంపూర్ రంగస్థలాల మీద నిలబడ్డ మనిషి ఏ కంపెనీకీ మనిషి కాడు.

సుగంధి పంతొమ్మిదో ఏట సుంగై సిపుట్ అనే చిన్న ఊరి నుంచి నటి అవుదామని ఈ నగరానికి వచ్చింది. పదమూడేళ్ళుగా పగలు చెప్పుల షాపులో పనిచేస్తోంది, సాయంత్రం ఎవరు పిలిస్తే వాళ్ళ ఆటకు వెళుతోంది. రెండు నెలలు వేషం ఉంటే ఆరు నెలలు ఉండదు. ఇన్నేళ్ళకు ఒక దారి కనిపించింది. ఈ ఆట తర్వాత ముగ్గురిని నెల జీతం మీద మూడేళ్ళకు తీసుకుంటూ ఉత్తరం ఇస్తానని శివలింగం మాటిచ్చాడు. ఆ ముగ్గురిలో ఆమె పేరుంది. ఆ ఉత్తరం గురించి అమ్మకు ఫోనులో చెప్పేసింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం హాలు పక్క, తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటల్లో అందరూ కూడారు. లైట్లు కట్టే కిశోర్‌కుమార్ ముందు మాట్లాడాడు.

"కంచె కట్టమని నాను రెండుసార్లు అడిగినాను. టైము నేదన్నాడు. ఇప్పుడు మనం మూడు సంగతులు అడగాల. మంచెకి కంచె, మావ ఆసుపత్రి బాధ్యత, అందరికీ పనివాళ్ళమని కాయితం. ఇయ్యకపోతే ఆట నేదు."

యశ్వంత్ పళ్ళెం పక్కకు నెట్టాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మొదటి పెద్ద వేషం. "ఆట నేకపోతే మనమే నేము అన్నా. బయట వందమంది నిలబడున్నారు. రేపే ఎక్కుతారు."

"ఆ వందమందికీ కంచె వొద్దా?"

"నాకేటి తెలుసు లా. నాకు వేషం గావాలి."

అందరూ ఉత్తరం రాబోతున్న సుగంధి వైపు చూశారు. తప్పు చెయ్యకపోయినా ఆమె తల వంచుకుంది. చివరికి మూడు కోరికలూ రాసి, సంతకాలు పెట్టి శివలింగానికి పంపారు. ఆమె కూడా పెట్టింది.

సాయంత్రం శివలింగం ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు. "నీ ఉత్తరం తయారుగా ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. ఆట ఆడమని నువ్ సెప్తే ఆళ్ళు ఇంటారు."

కాదనాలని ఆమె నోరు తెరిచింది. "ఆలోసిస్తాను బోస్" అన్న మాట బయటికొచ్చింది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు హాలు నిండింది. కోరికలకు జవాబు రాలేదు, మంచెకు కంచె కట్టలేదు, అయినా అందరూ వేషాలు కట్టుకున్నారు. తెర వెనక యశ్వంత్ సమ్మె పెద్ద వేషంలో నిచ్చెన దగ్గర నిలబడ్డాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేశాడు.

"అక్కా," అన్నాడు నెమ్మదిగా. "నాను ఎక్కలేను."

సుగంధి వాడి చెయ్యి పట్టుకుంది. ఉత్తరమూ, అమ్మా గుర్తొచ్చారు. గుర్తొస్తూనే ఉన్నారు, ఆమె రంగస్థలం మీదికి నడిచింది. వేషాల్లోనే ఆ వెనక అందరూ వచ్చి నేలమీద కూర్చున్నారు. ఇక్కడ ఒక మనిషి పడ్డాడని, ఆయన పనివాడే కాదని కంపెనీ అంటోందని ఆమె తెలుగులో చెప్పింది, అరవంలో చెప్పింది, మలయ్‌లో చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఆట మొదలైందనుకున్నారు.

శివలింగం లైట్లు ఆర్పమని అరిచాడు. కిశోర్‌కుమార్ ఆర్పలేదు. అరగంటలో పోలీసులు వచ్చారు. అనుమతి తీసుకున్న ఆటలో లేని మాటలు వేదిక మీద చెప్పారని సుగంధినీ, కిశోర్‌నూ, యశ్వంత్‌నూ రెక్కలు పట్టుకుని లేపారు. అప్పుడూ చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. అది నిజమని వాళ్ళకు ఎలా చెప్పాలో సుగంధికి తెలియలేదు.

మర్నాడు జామీను మీద వదిలారు. ఇక ఉత్తరం లేదు. నగరంలో ఏ కంపెనీ ఆమె ఫోను ఇక ఎత్తదు. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళింది.

కూర్మయ్యకు నడుం కింద స్పర్శ లేదు. ఆమెను చూడగానే, "ఆట బాగా జరిగిందా?" అని అడిగాడు.

"నేదు మావా. ఆపేసినాం. నీ కోసరం."

"నలభై ఏళ్ళల్లో నాను ఒక్క ఆటా ఆపనేదు. జొరం వొచ్చినా ఆడినాను. మాయమ్మ పోయిన్నాడూ ఆడినాను. నా పేరు సెప్పి ఆపినారా?" అని ముసలాయన గోడవైపు తల తిప్పుకున్నాడు.

సుగంధి బయటికొచ్చింది. వెనకే ఆయన భార్య అచ్చమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసుల్లో నేల తుడిచే మనిషి, మొగుడి ఆట ఒక్కటీ చూడలేదు.

"ఆయన కోపం ఆయన్ది. నువ్ ఏడవకు. మీరంతా మళ్ళీ ఎక్కడ కూడతన్నారు?"

బుధవారం మధ్యాహ్నం ఒక కార్మిక సంఘం మేడమీద గదిలో కూడారు. ఇరవైమంది వస్తారనుకుంటే అరవైమంది వచ్చారు. మలయ్ నాటకాలవాళ్ళు, చీనా తోలుబొమ్మలవాళ్ళు, పెళ్ళిళ్ళలో ఆడే పిల్లలు. సంఘం వకీలు కాయితాలు తిరగేసి, గెలవడం కష్టమని నిజమే చెప్పాడు. గది చప్పబడిపోయింది. సోమవారం నుంచి శివలింగం కొత్తవాళ్ళతో రిహార్సలు మొదలుపెడుతున్నాడని ఎవరో అన్నారు.

అచ్చమ్మ లేచి ముందుకు నడిచింది.

"నాను కూర్మయ్య పెళ్ళాన్ని. ఆయన పనోడు కాడని కంపెనీ రాసింది. నలభై ఏళ్ళు ఆయన గుడ్డలు నాను ఉతికినాను. ఆ సెమట నాకు తెలుసు." ఊపిరి తీసుకుంది. "సోమారం పొద్దున్న నాను ఆ హాలు గుమ్మంలో కూకుంటాను. లోపలికెల్లేవోళ్ళు నన్ను దాటి ఎల్లాల. నాతో ఎవరొస్తారు?"

కిశోర్ దాన్ని మలయ్‌లోకి మార్చి చెప్పేలోపే యశ్వంత్ లేచాడు. తర్వాత గది వెనక కుర్చీలు ఒకటొకటిగా కదలడం మొదలైంది.