ధర చెప్పిన రోజు

గోనె సంచి కుట్టుకు ఒక కొస ఉంటుంది. అది చేతికి చిక్కితే ఒక్క లాగుకే దారమంతా ఊడివస్తుంది. కొమరయ్య తొమ్మిదేళ్లుగా కత్తి ముట్టలేదు. కెనడాలోని హామిల్టన్‌లో ఒక చాక్లెట్ ఫ్యాక్టరీ గోదాములో, ఘనా నుంచి వచ్చిన కోకో గింజల సంచులు విప్పి తొట్టిలో గుమ్మరించడం అతని పని. యాభై మూడేళ్ల మనిషి. ఎడమ భుజం కాస్త జారిపోయింది. గోళ్ల సందుల్లోని గోధుమరంగు పొడి ఏ సబ్బుకూ లొంగదు.

అతనుండే బేస్‌మెంట్‌లో ఏడుగురు స్టూడెంట్లు. ఆర్నెల్లకో బ్యాచ్ మారుతుంది. అందరికీ అతను అంకుల్. పేరు అడిగిన పాపాన పోయినవాడు లేడు. పేరు పెట్టి పిలిచేది ఒక్కడే, తొట్టికి అవతల నిలబడే మెన్సా. ఘనావాడు, కోకో రైతు కొడుకు. "కొమారా" అంటాడు.

మెన్సా తోట తమ్ముడి చేతిలో ఉంది. అక్కడ కోకోకు ధర కట్టేది రైతు కాదు, సర్కారు. బయట రేటు ఆకాశానికెక్కినా రైతుకు సర్కారు చెప్పిన అంకే. కోకో అమ్మిన డబ్బుతో దేశం బాగుపడాలట! పండించినవాడు దేశంలో లెక్క కాదా?

పోయినేడు మెన్సా ఊరికి తిరిగిపోదామని టికెట్ కొనబోతే కొమరయ్యే ఆపాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు: "ధర పెంచకుండ పోయి ఏం తింటవ్ తమ్మీ? ఒక్క ఏడు ఆగు." ఊళ్లో పసుపు పంట వేసి, ధర లేక మునిగి ఇంత దూరం వచ్చినవాడి మాట కదా, మెన్సా నమ్మాడు.

ఆ సెప్టెంబరు మధ్యాహ్నం, బ్రేక్‌లో మెన్సా ఫోన్ చూసి ఎగిరి గంతేశాడు. సర్కారు ధర దాదాపు సగం పెంచింది. కొమరయ్య తింటున్న డబ్బాకు మూత పెట్టేశాడు.

"అంకుల్, మీ దోస్తు ఇంక జంపేనా?" పక్క లైన్లో పనిచేసే స్టూడెంట్ రేవంత్ నవ్వాడు. "ఆ ప్లేస్‌లో మా ఫ్రెండ్‌ని పెట్టించండి, ప్లీజ్."

"ఆయన కూసున్న జాగ ఇంక సల్లవడలే, అప్పుడే కర్చీఫ్ ఏస్తవా బిడ్డా?"

మెన్సా తమ్ముడికి ఫోన్ చేశాడు. వాళ్ల భాష కొమరయ్యకు రాదు. కానీ గొంతు పడిపోవడం ఏ భాషలోనైనా ఒకటే. మెన్సా వచ్చి, రోజూ మడతపెట్టి కూర్చునే గోనె సంచి మీద కూలబడ్డాడు.

"తమ్ముడు మార్చిలోనే తోటను బంగారం తవ్వేవాళ్లకు ఇచ్చేశాడట. ధర కోసం ఎన్నాళ్లు చూడమంటావ్ అన్నాడు. చెట్లు లేవు కొమారా. అన్నీ గుంతలు, బురదనీళ్లు."

"నేనే ఆపితి గదా."

"నా మంచికే ఆపావు."

ఆ మాట కొమరయ్య మింగలేకపోయాడు. "నీ మంచికి కాదు. నువ్వు పోతే నన్ను పిలిచేటోడు లేడని."

మెన్సా లేచి షిఫ్టు అయ్యేదాకా సంచులు మోశాడు. కుట్లన్నీ కత్తితో కోశాడు. గేటు దగ్గర బ్యాడ్జి ఇచ్చేసి, "గుంతలైనా నావే, పూడ్చుకుంటా" అన్నాడు సెక్యూరిటీ మనిషితో. కొమరయ్య రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. మెన్సా అటు తిరగలేదు, పేరు పిలవలేదు.

మర్నాడు తొట్టికి అవతల రేవంత్ ఫ్రెండు వచ్చి నిలబడ్డాడు. గోడవార ఆ గోనె సంచి మడత అలాగే ఉంది, మనిషి కూర్చున్నంత మేర నొక్కుకుపోయి.