మగడు వేటలో ఉండగా

భావనపాడులో దాలమ్మ ఇంట ఒక కట్టడి ఉంది. మగవాడు చేపల వేటకు వెళ్తే, నావ ఒడ్డు చేరేదాకా ఆడవాళ్ళు కత్తిపీట ముట్టుకోరు, ఒంటికి కత్తి తగలనివ్వరు. కట్టడి తప్పితే సముద్రం మీద మనిషి దక్కడని నమ్మకం. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో దాలమ్మ కొడుకు లక్ష్ముడు వేటకెళ్ళిన మర్నాడే కోడలు బుల్లమ్మకు నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులైనా కాన్పు కాలేదు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరమ్మ సూటిగా చెప్పింది. “మామూలు కాన్పు కోసం ఇంకా ఆగితే బిడ్డ దక్కడం కష్టం. ఆపరేషన్ చేసి తీస్తే దక్కుతుంది. వేలిముద్ర ఎవరు వేస్తారు?”

“నా కొడుకు సముద్రం మీదున్నాడమ్మా. నావ వచ్చీదాకా కత్తెట్టకండి,” అంది దాలమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగి, “నీకు ఆడు కావాలా, వద్దేటే?” అని అడిగి బయటికి వెళ్ళిపోయింది.

గదిలో బుల్లమ్మ ఒక్కతే మిగిలింది. ఆ నమ్మకం ఆమెకూ ఉంది. పెళ్ళయ్యాక ఒక్కనాడూ కట్టడి తప్పలేదు. కడుపులో కదలిక అంతకంతకూ తగ్గిపోతుంటే, ఆపరేషన్ కాగితం దగ్గరికి లాక్కుని వేలిముద్ర వేసింది.

మూడో నాడు లక్ష్ముడు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని నవ్వాడు.

“మాయమ్మ ఒకటే ఏడుపు. సూడు, నాకేటయినాది? అయన్నీ ఉత్తి మాటలని నీకొక్కదానికే తెలిసినాది.”

బుల్లమ్మ గోడ వైపు తిరిగింది. ఉత్తి మాటలని ఆమెకు తెలియదు. అతను ఇక తిరిగి రాడనుకునే వేలిముద్ర వేసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమెకున్నది అతనొక్కడే.