పుంగనూరులో ప్రాక్టికల్ పరీక్ష

హేమావతి పుంగనూరు చేరేసరికి ఉదయం పదకొండయింది. మదనపల్లెలో పద్నాలుగేళ్లు నర్సుగా పనిచేసిన మనిషి. మంచాన పడ్డవాళ్లను, మతిమరుపు వచ్చిన వృద్ధులను చూసుకునే సహాయకుల కోర్సును సమీక్షించే పని ఇప్పుడామెది. ఆరు నెలలు తరగతులు, ఆరు నెలలు ఏదో ఒక ఆశ్రమంలో అప్రెంటిస్‌గా పని, చివర ప్రాక్టికల్ పరీక్ష, ఆపైన సర్టిఫికెట్. ఈ కోర్సు ఇలాగే ఉండాలా, మార్చాలా అన్నది తేల్చి కోర్సు కమిటీకి నివేదిక ఇవ్వాలి.

ఊరి చివరి వృద్ధాశ్రమంలో ఆ రోజు పరీక్ష మంజుకి. ఇరవై రెండేళ్లు, పెద్దమండ్యం పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. ఆమెకు పని నేర్పే సూపర్‌వైజర్ దామోదర్. పదేళ్లుగా అక్కడే ఉన్నాడు, అందుకే అప్రెంటిస్‌లను అతనికి అప్పగించారు. అతనికి ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు.

ఈశ్వరప్పకు స్నానం చేయించడం పరీక్ష. డెబ్బై ఎనిమిదేళ్లాయన. తంబళ్లపల్లె దగ్గర రెండొందల గొర్రెల మందను నడిపినవాడు, ఇప్పుడు కూతురి పేరు కూడా గుర్తులేదు. చొక్కా విప్పుతుంటే వీపు మీద నల్లగా కమిలిన గీతలు కనిపించాయి హేమావతికి. బాత్రూంలో జారిపడ్డాడని చెప్పి దామోదర్ బయటికి వెళ్లిపోయాడు. మంజు తల ఎత్తలేదు.

చెంబుతో గోరువెచ్చని నీళ్లు భుజం మీద పోసిందో లేదో, ఈశ్వరప్ప మంజు జడ పట్టుకున్నాడు. గొర్రెల దొంగ అనుకున్నాడు. ఆ చేతుల్లో అంత బలం ఇంకా ఉందని హేమావతి ఊహించలేదు. మంజు తలను రెండుసార్లు గోడకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి రక్తం కారింది. మంజు ఆయన చెయ్యి విదిలించలేదు, గట్టిగా మాట్లాడలేదు.

"మంద ఈడే ఉండాది పెద్దాయనా. ఒగటి గూడా పోలేదు. నేనే తోలుకొచ్చినాను" అంది.

వేళ్లు మెల్లగా సడలాయి. హేమావతి తన కాగితంలో ఆ మాటే రాసుకుంటూ ఉంది. అప్పుడే చప్పుడు విని దామోదర్ లోపలికి వచ్చాడు. చేతిలో మూరెడు ప్లాస్టిక్ పైపు. ఒక్క మాట లేకుండా ముసలాయన మోకాళ్ల మీద కొట్టాడు. ఆయన తడి నేల మీద పక్కకు కూలిపోయాడు, తుంటి ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినబడింది. దామోదర్ మళ్లీ పైపెత్తాడు. హేమావతి అతని చొక్కా పట్టి లాగితే, మోచేత్తో ఆమెను తలుపు మీదికి తోశాడు. మంజు అడ్డం పడింది. దెబ్బ ఆమె మెడ కింది ఎముక మీద పడి, ఎడమ చెయ్యి వేలాడిపోయింది. కుడిచేత్తో చెంబు అందుకుని అతని మొహాన కొట్టింది. పళ్లు రాలాయి. వెల్లకిలా పడ్డవాణ్ణి ఇంకా రెండు దెబ్బలు కొట్టింది. హేమావతి వెనకనుంచి నడుం పట్టుకుంటే తప్ప ఆగలేదు. ఇద్దరి రక్తం నీళ్లతో కలిసి తూములోకి పోయింది.

పోలీసులు వచ్చి దామోదర్‌ను తీసుకువెళ్లారు. ఈశ్వరప్పను, మంజును అంబులెన్సులో మదనపల్లె ఆస్పత్రికి తరలించారు. మంజు ఎముక సర్ది కట్టు కట్టాక హేమావతి ఆమె మంచం పక్కన కూర్చుంది. పరీక్షలో మంజు చేసినంత బాగా అంతకుముందు తాను చూసిన కుప్పం ఆశ్రమంలో కూడా ఎవరూ చేయలేదని, దామోదర్‌ను ఆత్మరక్షణ కోసం కొట్టిందని రాస్తానని చెప్పింది.

మంజు తల అడ్డంగా ఊపింది.

"మొదటి నెల్లో నేనూ ఆ పెద్దాయన్ని కొట్టినాను మేడమ్. ఆ పైపుతోనే, రెండు తూర్లు. కొడితేనే ఇంటారని సారు నేర్పించినాడు."

మరి ఎందుకు మానేశావని హేమావతి అడిగింది.

"మూడో తూరి ఎత్తినాను. నా కాళ్లు పట్టుకున్యాడు. నన్ను కొట్టుకోమ్మా, సూడి గొర్రెలుండాయి, వాటిని కొట్టొద్దు అన్యాడు. అంతే, మళ్లా సెయ్యి లేయలేదు. ఇది గూడా రాయండి."

రాయకపోతే ఎవరికీ తెలియదు. హేమావతి ఆ సాయంత్రం రాసింది, అక్షరం వదలకుండా. మంజు సర్టిఫికెట్‌కు అడ్డం పడేది తన రాతేనని, రాస్తున్నప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

తొమ్మిదో రోజు ఆ ఆస్పత్రిలోనే ఈశ్వరప్ప చనిపోయాడు. కూతురు గంగులమ్మ తంబళ్లపల్లె నుంచి వచ్చింది. ఇంట్లో అందరినీ కొడుతున్నాడని, గత్యంతరం లేక తండ్రిని ఆశ్రమంలో పెట్టిన మనిషి. జరిగిందంతా హేమావతి ఆమెకు చెప్పింది, మంజు కొట్టిన సంగతితో సహా. గంగులమ్మ నేరుగా మంజు ఇంకా ఉన్న వార్డులోకి నడిచి ఆమె చెంప పగిలేలా కొట్టింది. కట్టుకట్టిన చేతితో మంజు మంచం దిగి నిలబడింది, రెండో దెబ్బ కోసం. గంగులమ్మ చెయ్యి దింపి, రొప్పుతూ అడిగింది.

"గొర్రెల గురించి ఏమన్యాడు? ఇంగోసారి సెప్పు."

మంజు చెప్పింది. గంగులమ్మ నేల మీద చతికిలబడి మూడోసారి కూడా చెప్పించుకుంది. తర్వాత లేచి తండ్రి శవాన్ని తీసుకుని వెళ్లిపోయింది.

దామోదర్ మీద హత్య కేసు పెట్టారు. ఆ ఆశ్రమానికి అప్రెంటిస్‌లను పంపడం ఆపేశారు. నేర్చుకునేవాళ్లకు పరీక్ష పెట్టేముందు నేర్పేవాళ్లకు పెట్టాలని, తిరగబడే రోగిని కొట్టకుండా ఎలా ఆపాలో కోర్సు పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదని హేమావతి నివేదికలో రాసింది. కమిటీ మొదటిది ఒప్పుకుంది, రెండోదాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసింది. తానూ రోగిని కొట్టానని ఒప్పుకున్నందుకు మంజు ఫలితాన్ని రద్దుచేసి, ఆరు నెలలు అప్రెంటిస్‌గా మళ్లీ చేయాలంది.

ఆ కాగితం చేతికిచ్చినప్పుడు మంజు అన్యాయమని అనలేదు. కుప్పంలో తిరగబడేవాళ్లు ఉన్న చోటే తనను వేయమని మాత్రం అడిగింది. ఎముక అతుక్కున్న మర్నాడే బస్సెక్కింది. చేరిన వారానికే ఒకాయన తన చెయ్యి కొరికాడని హేమావతికి ఫోను చేసింది. ఏం చేశావని హేమావతి భయపడుతూ అడిగింది. వదిలేదాకా ఉండి, కట్టు కట్టించుకుని, ఆయనకు అన్నం తినిపించానని మంజు చెప్పింది.