అమ్మ కెమెరా మార్చలేదు

మా అమ్మ నబుకీరకి పిట్టల ఫోటోలంటే ప్రాణం. ఎంటెబ్బేలో నర్సుగా చేసినన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, కెమెరా మెళ్లో వేసుకుని సరస్సు ఒడ్డుకి పోయేది. ఆ కెమెరా నేను బడికెళ్లే రోజుల్లో కొన్నది. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్క అంటించుకుంది.

ఈ పిచ్చిని నాన్న తమ్ముడు సెంపీజ బాబాయికి కూడా తనే ఎక్కించింది. ఆయన మాత్రం కొత్త కెమెరా వచ్చిందంటే పాతది అమ్మేసేవాడు. మర్నాడే మా ఇంట్లో దిగేవాడు.

"ఇంకా ఆ డొక్కుదేనా వదినా? మ్యూజియం వాళ్లు ఎత్తుకుపోతారు జాగ్రత్త."

"నన్నూ కలిపి ఎత్తుకుపొమ్మను. నీకు పీడా విరగడవుతుంది."

మొన్న వానలు తగ్గాక ముగ్గురం మబాంబా చిత్తడిలోకి పడవలో వెళ్లాం, బుల్వె కోసం. బూటులాంటి ముక్కున్న పెద్ద కొంగ అది. పొద్దున్నంతా కనబడలేదు. చివరికి రెల్లుదుబ్బుల పక్కన రాతిబొమ్మలా నిలబడి ఉంది. పడవతను తెడ్డు ఆపాడు. ఉన్నట్టుండి అది నీళ్లలోకి పడి, ముక్కున పెద్ద చేపతో లేచింది. రెండు కెమెరాలూ ఒకేసారి టకటకలాడాయి.

ఒడ్డుకొచ్చి, వేయించిన చేప, మతోకె అనే అరటికాయ ముద్ద ముందు పెట్టుకుని రెండు ఫోటోలూ చూసుకున్నాం. బాబాయి దాంట్లో చేప తోక నించి జారే నీటిబొట్టు కూడా కనిపిస్తోంది. అమ్మది కాస్త చెదిరింది.

"చూశావా! చెప్తే విన్నావా?" అన్నాడు బాబాయి.

"అబ్బ, ఎంత బాగా తీశావు మరిదీ! పెద్ద ప్రింటు వేయించి ఇయ్యి, ముందుగదిలో పెట్టుకుంటా."

పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషి తెల్లబోయాడు. "అంటే... కొంటావా?"

"ఎందుకూ? నువ్వు కొన్నావుగా."

ఆయన ఊరుకోలేదు. వారం ఉంచుకోమని తన కెమెరా ఇచ్చేసి పోయాడు. అమ్మ దాంతో పెరట్లో గిజిగాళ్లని తీసింది. చాలా బాగా వచ్చాయని తనే ఒప్పుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ పాతది మెళ్లో వేసుకుంది.

"బాగుందంటూనే మళ్లీ ఇదేంటమ్మా?" అన్నాను.

"నిన్న సరస్సు దగ్గర అంతసేపు కూచున్నానా? ఎదురుగా ఉన్న పిట్ట ఏం తిందో చెప్పమంటే చెప్పలేనే. ఫోటోలు ఎంత బాగా వచ్చాయోనని దాని తెరకేసే చూస్తూ కూచున్నా. నాకెందుకే ఆ గొడవ?"

బాబాయి వచ్చి కెమెరా తీసుకుంటూ, "నచ్చలేదా?" అన్నాడు.

"నచ్చింది. తీసుకుపో."

ఆయన పకపకా నవ్వాడు. "నీలాంటివాళ్లు నలుగురుంటే చాలు, ఆ కంపెనీ మూసుకోవాల్సిందే!"

ఆ తర్వాత మరి కొనమనలేదు. పోయిన ఆదివారం ఇద్దరూ సరస్సు ఒడ్డున మొక్కజొన్న పొత్తులు తింటూ కూచున్నారు. ఎదుటి కొమ్మ మీద ఏదో పిట్ట వాలింది. లకుముకి అని అమ్మ, కాదని బాబాయి. వాళ్ల వాదన తెగకముందే అది తుర్రుమంది. ఇద్దరిలో ఒక్కరూ ఫోటో తియ్యలేదు.