కోతుల బోనులో కూలీలు

దేవవ్వ కళ్ళముందే ఆమె పెనిమిటి రక్తం తుడిచేశారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు. ఆసిఫాబాద్ అడవిలో మేం వెదురు కొట్టే కూపు, అంటే కంట్రాక్టరుకిచ్చిన అడవి ముక్క. దేవవ్వ పెనిమిటి రాజయ్య చలిజ్వరంతో మంచం పట్టాడు. కోతుల బోన్లతో జీపులో వచ్చిన సర్కారు డాక్టరు, అతని మనుషులు రాజయ్య వేలి రక్తం గాజుబిళ్ల మీద తీసి, పరీక్షలో మలేరియా అని తేలితేనే మాత్రలిస్తామన్నారు. అంతలో వాళ్ల బోనులో కోతి చిక్కింది. ఇంకో గాజుబిళ్ల లేదు. రాజయ్య బిళ్లనే గుడ్డతో తుడిచి కోతి రక్తం పెట్టుకున్నారు.

"గది నా మొగని రక్తం సారూ!" దేవవ్వ అరిచింది.

"మళ్లీ వచ్చినప్పుడు తీస్తాం," అన్నాడు డాక్టరు. "కోతుల నుంచి మనుషులకు మలేరియా వస్తుందో లేదో ముందు తేలాలి. సర్కారు పాలసీ దాన్నిబట్టే."

కంట్రాక్టరు భూపాల్‌రావు మీసాల చాటున నవ్వాడు. తప్పు కోతిదని తేలితే, గుడిసెల్లో దోమల మందు ఎందుకు కొట్టించలేదని అతణ్ణి ఎవరూ అడగరు. దేవవ్వ బోన్ల వైపు నడిచింది.

"కోతికున్న ఇలువ మాకు లేదా? గట్లయితే మేమే కోతులం!"

జీపు పక్కన ఖాళీగా ఉన్న పెద్ద బోనులో దూరి కూర్చుని దేవవ్వ వేలు చాపింది. ఆమె వెనకే ఐలవ్వ, సక్కుబాయి దూరారు. బోను నిండితే మిగిలినవాళ్లం జీపు చుట్టూ కూర్చున్నాం.

డాక్టరు గొంతు తగ్గించాడు. "బయటికి రామ్మా. నీ మొగుడికి మాత్రలు ఇప్పుడే ఇస్తా."

దేవవ్వ గుడిసె వైపు చూసింది. రాజయ్య మూలుగు అక్కడిదాకా వినిపిస్తోంది. ఆమె లేచి వచ్చేసినా మేం తప్పుపట్టేవాళ్లం కాదు.

"శంకరవ్వ బిడ్డకు జరం. మొండయ్యకు జరం. నా మొగడొక్కడు బతికితె సాలునా? వాడకంత మాత్రలియ్యిండ్రి. మందు కొట్టియ్యిండ్రి. గప్పుడొస్త."

"బలుపెక్కిందే మీకు!" భూపాల్‌రావు గర్జించాడు. "పోలీసోళ్లొస్తె దిగుతది."

అతను కబురంపితే పొద్దుగూకక ముందే పోలీసు వ్యాను వచ్చింది. దేవవ్వను జుట్టు పట్టి బోనులోంచి ఈడ్చి వ్యాన్లో పడేశారు. డాక్టరు దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. చదువుకున్న పిరికితనం అంటే అదే.

అప్పుడు రాజయ్య వచ్చాడు. గజగజ వణుకుతూ, గొడ్డలి ఊతంగా పట్టుకుని నడిచి వచ్చాడు. డాక్టరు మాత్రలు తీసి చేతికియ్యబోయాడు.

"నా ఒక్కనికిచ్చేది నేను మింగ," అన్నాడు రాజయ్య. "నా పెండ్లాన్ని ఇడిసిపెట్టుండ్రి. వాడంత మందు కొట్టేదాంక గీ కూపుల ఒక్క ఎదురుబొంగు తెగదు."

గొడ్డలిని వ్యాను ముందు దారికి అడ్డంగా పెట్టి, నిలబడలేక దాని పక్కనే కూలబడ్డాడు. సాంబయ్య తన గొడ్డలి తెచ్చి అక్కడే పెట్టి కూర్చున్నాడు. తర్వాత నేను. ఆ తర్వాత కూపంతా.

వ్యాను డ్రైవరు ఇంజను ఆపేశాడు.