యశోదమ్మ కళ్లద్దాలు

జైనూరు ఆశ్రమ పాఠశాలలో చూపు తక్కువ ఉన్న ఆడపిల్లలకు నవ్యశ్రీ జూలైలో తన చేతులతో కళ్లద్దాలు పెట్టి వెళ్లింది. సెప్టెంబరులో మళ్లీ వచ్చి చూస్తే ఒక్కరి ముఖానా అవి లేవు. అన్నీ ట్రంకు పెట్టెల్లో, బట్టల అడుగున, భద్రంగా ఉన్నాయి.

నవ్యశ్రీ కరీంనగర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. సాయంత్రాలు సరళాదేవి గారి దగ్గర కూచిపూడి సాధన. ఆదివారం వచ్చిందంటే ఆసుపత్రి వ్యాన్ ఎక్కి ఈ గుట్టల్లోకి బయల్దేరుతుంది. మరమగ్గాల షెడ్డులో పనిచేసే తండ్రి హనుమంతు "గీ పిల్లకు కూసునుడే తెల్వది" అని మురిసిపోతూనే విసుక్కుంటాడు.

"ఎందుకు పెట్టుకుంటలేరే?" అని అడిగింది పిల్లల్ని.

అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. తొమ్మిదో తరగతి జంగుబాయి మాత్రం కదలకుండా నిలబడింది. బోర్డు మీది అక్షరాలు కనబడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకునే పిల్ల అది.

"బజార్ల పోరగాండ్లు సోడబుడ్డి అంటున్రు మేడం."

"అంటే అననీ. నేను పెట్టుకుంటలేనా?"

"డాన్స్ జేసేటప్పుడు పెట్టుకోరు గదా! హాస్టల్ మేడం ఫోన్ల చూసినం. మంచిగ కనవడాల్నని తీసేసిండ్రు. మాకు గూడ మంచిగ కనవడాల్నని ఉంటది."

కంట్లో లెన్సులు పెడితే నవ్యశ్రీ కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. అందుకని ఇన్నేళ్లుగా వేదిక మీద మసకలోనే, తాళాన్ని నమ్ముకుని ఆడుతోంది. ఒకసారి ఆసిఫాబాద్‌లో ముఖ్య అతిథి అనుకుని మైకు స్టాండుకు వంగి నమస్కారం పెట్టింది కూడా.

"సరే. మీ వార్షికోత్సవానికి నేనొచ్చి చష్మాతోనే ఆడుత. చూసినంక మీ ఇష్టం," అనేసింది.

అన్నంత సులువు కాలేదు. ఆ మాట వినగానే సరళాదేవి గారు చేతిలో కంచు తాళాలు కింద పెట్టేశారు.

"కండ్లతోని కథ చెప్పే విద్య ఇది. గా కండ్లకే అద్దం అడ్డం పెడ్తనంటవా?"

"అమ్మా, గా కండ్లకు ఇన్నేండ్లు ఎవ్వరూ కనవడలే. ముందట కూసున్నోళ్లు నవ్వుతున్రో నిద్రవోతున్రో గూడ నాకు తెల్వది."

ఈ సంగతి గురువుకు ఎన్నడూ చెప్పుకోలేదు. సరళాదేవి గారు "ఆనాడు మైకుకు మొక్కింది గందుకేనా?" అని పక్కున నవ్వారు. "నేనే వచ్చి పాట పాడుత. నువ్వేం జేస్తవో చూస్త."

బయల్దేరే ముందు తల్లి ఐలవ్వ అద్దాల కాడలకు లంగా లాస్టిక్ కట్టి పూలజడ కింద దాచింది. "ఎంత ఎగిరినా ఊడది, ఫికర్ చెయ్యకు," అని భరోసా ఇచ్చింది.

డిసెంబరు ఆదివారం. బడి ముందు షామియానా కింద పిల్లలు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. నవ్యశ్రీ గజ్జెలతో వేదిక ఎక్కగానే "చష్మా! చష్మా!" అని గుసగుసలు లేచాయి. ముందు వరుసలో చెల్లెలి ముక్కు తుడుస్తున్న పిల్ల, గంటె చేతిలో పట్టుకునే నిలబడిపోయిన వంటామె, అందరూ కనబడుతున్నారు. చూసుకుంటూ నిలబడి మొదటి అడుగు కాస్త ఆలస్యంగా వేసింది.

యశోద కథ మొదలైంది. వెన్న దొంగిలించిన కృష్ణుణ్ని తల్లి తరుముతోంది. గిర్రున తిరిగిన ఒక తిరుగుడుకు లాస్టిక్ టప్పున తెగి, అద్దాలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. ముందున్నదంతా ఒక్కసారిగా అలుక్కుపోయింది.

కానీ సరళాదేవి గారు ఆగలేదు. పాడిన చరణమే మళ్లీ ఎత్తుకున్నారు, పోయినవి వెతుక్కో అన్నట్టు. నవ్యశ్రీ యశోదలాగే నడుము వంచి, చేతులతో నేల తడుముతూ కదిలింది.

"మేడం, కుడిదిక్కు!" అని జంగుబాయి అరిచింది.

"గటు గాదు, ఇటు! కాలు వెట్టకుండ్రి, పలుగుతయ్!" అని బడి బడంతా లేచింది.

చేతికి దొరికాయి. కొంగుతో తుడిచి, తీరిగ్గా పెట్టుకుని, మోకాలెత్తున నిలబడ్డట్టు ఊహించుకున్న కృష్ణుడి వైపు వంగింది. అప్పుడు కనబడింది యశోదమ్మకు, పిల్లవాడి మూతి నిండా వెన్న! అద్దాల వెనక ఆ కళ్లు ఇంతింతలయ్యాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సరళాదేవి గారికీ నవ్వు ఆగక పాట ముక్కలు ముక్కలైంది.

సాయంత్రం వ్యాన్ దాకా సాగనంపడానికి వచ్చిన పిల్లల్లో సగం మంది ముఖాన అద్దాలున్నాయి. తక్కినవాళ్లు ఇంకా చేతిలోనే పట్టుకుని ఆలోచిస్తున్నారు. బజారులో చాయ్ తాగడానికి ఆగినప్పుడు హోటల్ దగ్గర ఒక పోరడు "ఏ సోడబుడ్డీ!" అని కేకేశాడు.

జంగుబాయి వాడి వైపు తిరిగింది. అద్దాలు ముక్కు మీదికి తోసుకుని వాణ్ని పైనుంచి కిందికి చూసింది.

"గుండీలు తప్పు వెట్టుకున్నవు, సూస్కో. నాకు ఈడికెల్లే కనవడ్తుంది."

వాడు వంగి అంగీ చూసుకున్నాడు. నిజంగానే ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంది. పక్కనున్న దోస్తులే ముందుగా నవ్వారు. నవ్యశ్రీకి నవ్వుతో చాయ్ గొంతుకు అడ్డం పడింది.

"చూసినవా, గా చూపు!" అన్నారు సరళాదేవి గారు ఆమె వీపు తడుతూ. "అభినయం నేర్పితే పట్టుకుంటది గీ పిల్ల. అడుగు, నేర్చుకుంటదేమో."

నవ్యశ్రీ అడగకముందే జంగుబాయి తలూపింది. మరుసటి ఆదివారం నవ్యశ్రీ ఆసుపత్రికి వచ్చేసరికి సరళాదేవి గారు కంచు తాళాలు ఒళ్లో పెట్టుకుని, డ్రైవరు కన్నా ముందే వ్యాన్‌లో కూర్చుని ఉన్నారు.